ఉప్పుకు అడ్డంగా నాటిన కరౌందా

మా ఇంట్లో కరౌందాలకు ప్రత్యేకంగా ఒక గిన్నె ఉండేది. అల్యూమినియంది, అంచు సొట్టపోయింది. వానలు మొదలైన నెలలో అమ్మీ బజారు నుంచి కాయలు తెచ్చి, కడిగి, నిలువునా చీల్చి, గింజలు తీసి, ఆ గిన్నెలో ఉప్పునీళ్లు పోసి వేసేది. గంటసేపు ఎవరూ ముట్టుకోకూడదు. మేము ముట్టుకునేవాళ్లం. "సబర్ చేయ్‌రా. ఉప్పు పట్టకపోతే వగరు పోదు, ఆ పాలు పెదాలకు జిగురులాగా పట్టుకుంటాయ్" అని చేతి మీద ఒకటి వేసేది. ఉప్పు పట్టినాక కొన్ని మా నోళ్లలోకి, కొన్ని చింతపండుకు బదులు ఖట్టీ దాల్‌లోకి, ఇంకా మిగిలితే పచ్చిమిర్చితో కలిపి అచార్‌లోకి పోయేవి.

మా కడప వైపు బయట కలివికాయ అంటాం, ఇంట్లో కరౌందా అంటాం. కోస్తాలో వాక్కాయ. కలేకాయ అనేవాళ్లూ ఉన్నారు. పేరు ఏదైనా పొద ఒకటే. ముదురాకుపచ్చ ఆకు, జంటజంటగా ముళ్లు, మల్లెపూవులాంటి తెల్లటి పూలు, వాటికి సన్నటి ఖుష్బూ. కాయ ముందు తెల్లగా ఉండి, ఒకవైపు గులాబీరంగు ఎక్కి, పండేసరికి నలుపులోకి తిరుగుతుంది. కొమ్మ మీద అన్ని రంగులూ ఒకేసారి కనిపిస్తాయి.

ఆ గిన్నె ఇన్నేళ్ల తర్వాత గుర్తుకు రావడానికి ఒక కితాబ్ కారణం. రాయ్ మాక్సమ్ అనే అంగ్రేజ్ రాసిన 'ది గ్రేట్ హెడ్జ్ ఆఫ్ ఇండియా'. 2001లో వచ్చింది. లండన్‌లో పాత పుస్తకాలు మరమ్మతు చేసే పని ఆయనది. ఒక పాత కితాబ్‌లో అడుగున ఉన్న చిన్న హాషియా చదివి, హిందుస్తాన్‌కు అడ్డంగా వందల మైళ్ల ముళ్లకంచె ఒకటి ఉండేదని తెలుసుకుని, దాన్ని వెతుక్కుంటూ మన ముల్క్‌కు వచ్చాడు. ఆ కంచెలో నాటిన మొక్కల పేర్లలో కరౌందా అని కనబడగానే నేను కితాబ్ మూసి కాసేపు కూర్చున్నాను. ఆ కంచె దొంగల కోసం వేసింది కాదు, పశువుల కోసం వేసిందీ కాదు. ఉప్పు కోసం వేసింది. ఉప్పులో ఊరితే తప్ప పచ్చిగా నోట్లో పెట్టుకోలేని కాయను, గరీబుల ఇంటికి ఉప్పు చవగ్గా చేరకుండా ఉండేందుకు నాటారు.

కరౌందా అంగ్రేజులతో వచ్చిన మొక్క కాదు. ఇది ఈ మట్టిదే. సంస్కృతంలో కరమర్ద అన్నారు. మొగలుల కాలానికి వస్తే, బాబర్ తన ఆత్మకథలో హిందుస్తాన్ పండ్ల గురించి రాసినచోట కరౌందాను కూడా వదిలిపెట్టలేదు, తన వతన్‌లోని ఒక పొదతో పోల్చి చెప్పాడు. మన ఎండ మీద, మన దుమ్ము మీద, మన ఖర్బూజాల మీద అన్ని షికాయత్‌లు చేసిన మనిషి ఇంత చిన్న కాయను గుర్తుపెట్టుకుని రాయడం నాకు ముచ్చటేసింది. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన ఆయీనె అక్బరీలో కొంచెం పుల్లటి పండ్ల వరసలో చింతపండు, నేరేడు, ఫాల్సాలతో పాటు కరౌందా కూడా ఉంది. అంటే ఇది బాదుషాల లెక్కలోనూ ఉంది, అడవి అంచున మేకలు కాసే పిల్లల జేబుల్లోనూ ఉంది. తోటకు బాడ్ కట్టాలన్నా రైతుకు ఇదే గుర్తొచ్చేది. ముళ్లు పశువును ఆపుతాయి, కాయలు వంటింటికి పనికొస్తాయి. అంగ్రేజులు ఆ పాత పద్ధతినే తీసుకుని సర్కారీ హథియార్‌గా మార్చారు.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్లాసీ లడాయి తర్వాత బెంగాల్‌లో ఉప్పు కంపెనీ చేతిలోకి పోయింది. ఉప్పు మీద మహసూల్ అంతకుముందు లేదని కాదు, నవాబుల జమానాలో కూడా ఉండేది. కానీ కంపెనీ దాన్ని ఎన్నో రెట్లు పెంచి, బెంగాల్‌లో మన్ ఉప్పు మీద మూడు రూపాయల పైచిలుకు దాకా తీసుకుపోయింది. మన్ అంటే దాదాపు 37 కిలోలు. ఒక కుటుంబానికి ఏడాదికి అరమన్ ఉప్పు కావాలనుకుంటే, అసలు ధర పక్కనపెట్టి, పన్నే రూపాయిన్నర. పొలం కూలీకి నెలంతా మేహనత్ చేస్తే రెండు మూడు రూపాయలు కళ్లబడిన రోజులవి. మాంసం తినకపోతే బతకొచ్చు, బట్ట ఒకటి తగ్గించుకోవచ్చు. ఉప్పు తగ్గించుకుంటే మన ఎండల్లో చెమటోడ్చే మనిషికి ఒళ్లు తూలుతుంది.

అయితే రాజస్థాన్‌లో సాంభర్ సరస్సు ఉంది. అక్కడి ఉప్పు రజ్వాడాలది, చవక. అది ఒంటెల మీద, ఎద్దుల మీద ఇటు రాకుండా ఆపాలి కదా. మొదట రోడ్ల మీద చౌకీలు పెట్టారు. జనం చౌకీలను తప్పించి పొలాల మీదుగా నడిచారు. చౌకీల మధ్య సిపాయిలను తిప్పారు. జనం రాత్రిళ్లు నడిచారు. 1823 నుంచి గంగా యమునల పక్కన మొదలైన ఈ చౌకీల వరస కొద్దికొద్దిగా పెరిగి, కలిసి, 1869 నాటికి వాయవ్యంలో సింధు నది దగ్గర నుంచి పంజాబ్, ఆగ్రా, ఝాన్సీల మీదుగా మహానది దాకా 2300 మైళ్ల గీత అయింది. మన లెక్కలో 3700 కిలోమీటర్లు. దాన్ని కాయడానికి 12000 మంది దాకా నౌకర్లు. ఉప్పు చిటికెడు కోసం ఒక ఫౌజ్.

గీత గీసినంత మాత్రాన ఉప్పు ఆగదు గనుక కంచె వేశారు. మొదట వేసింది ఎండుకంచె. రేగుకంపలు, తుమ్మకంపలు కొట్టుకొచ్చి పేర్చారు. ఒక్కో మైలుకు 250 టన్నుల కంప పట్టేదట. దాంట్లో సగం ఏటా పోయేది. చెదలు తినేవి, గాలివానకు లేచిపోయేది, నిప్పంటుకుని కాలిపోయేది. 1867లో కమిషనర్‌గా వచ్చిన అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్ ఈ హిసాబ్ చూసి, ఎండుకంప మోసే ఖర్చుతో పచ్చికంచె పెంచితే అది తనంతట తానే బతుకుతుందని తీర్మానించాడు. ఏ నేలకు ఏది పట్టుకుంటుందో పరీక్షలు చేయించాడు. రేగు, నల్లతుమ్మ, కరౌందా, జెముడు రకాలు. ఏదీ మొలవని ఎండుభూముల్లో నాగజెముడు. నేల చెడ్డగా ఉన్నచోట గాడి తవ్వి, మంచి మట్టి తెచ్చి నింపారు. పల్లంలో నీరు నిలిచేచోట కట్ట పోసి దాని మీద నాటారు. తడిపేందుకు బావులు తవ్వారు, పక్కనే బాట వేశారు. 1868 నాటికే 180 మైళ్ల కంచె మనిషి దూరలేనంత దట్టంగా తయారైంది. కడపటి రోజుల్లో పూర్తి పచ్చికంచె 400 మైళ్ల పైన ఉండేది, మిగతాచోట్ల పచ్చిది ఎండుది కలిపి. ఎత్తు 10 నుంచి 14 అడుగులు, మందం 6 నుంచి 12 అడుగులు.

బాగ్‌బానీ శౌక్ ఉన్న మనిషిగా ఈ పేజీలు చదువుతుంటే నాకు ఒక ఇబ్బంది కలిగింది. పని బాగా చేశారు. మట్టిని గమనించి, నీళ్లను గమనించి, నేలకు తగ్గ మొక్కను ఎంచుకుని, ఓపిగ్గా పెంచారు. మంచి మాలి చేసే పనే. కానీ ఆ మాలీల పక్కన జమాదార్లు నిలబడి బాట మీద పోయే ఆడవాళ్ల మూటలు విప్పించి తలాషీ తీసేవాళ్లు. ఉప్పు దొరికితే జుర్మానా, కట్టలేకపోతే ఖైద్. రిష్వత్ తీసుకుని వదిలేసినవాళ్లూ తక్కువేం లేరు. జనం కంచె మీదుగా ఉప్పు సంచులు అవతలికి విసిరారు. ఉప్పు మోసే ఒంటెల మందలను తోలుకుని గుంపులుగా కంచె విరగ్గొట్టి పోయినవాళ్లూ ఉన్నారు. నమక్ హలాల్, నమక్ హరామ్ అని మనం రోజుకు నాలుగుసార్లు అంటాం. తిన్న ఉప్పుకు రుణపడటం అనే మాట ఎంత పాతదో గాని, ఆ జమానాలో ఉప్పు తినడమే ఒక జుర్మ్ అయ్యే పరిస్థితి.

1879 ఏప్రిల్ 1న ఈ గీతను వదిలేశారు. చదివినవాళ్లు అక్కడ ఊపిరి పీల్చుకుంటారు. నేను కూడా పీల్చుకున్నాను. తర్వాతి పేజీలో మన వంతు ఉంది.

కంచె తీసేయడానికి కారణం రహమ్ కాదు. సాంభర్ సరస్సును సర్కారు ముందే లీజుకు తీసుకుంది, ఉప్పు పుట్టేచోటే పన్ను వసూలు చేయడం సులువైంది. అన్నిచోట్లా పన్ను కాస్త దగ్గరదగ్గరగా ఉంటే ఉప్పు ఒకచోటు నుంచి ఇంకోచోటుకు దొంగతనంగా పోదు, అప్పుడు కంచె అక్కర్లేదు. దగ్గరగా చేయడమంటే ఉత్తరాన కొంచెం తగ్గించి దక్షిణాన పెంచడం. 1878 నాటికి మద్రాస్, బొంబాయి ప్రెసిడెన్సీల్లో మన్‌కు ఒక రూపాయి 13 అణాలు ఉన్న పన్ను రెండు రూపాయల 8 అణాలకు ఎక్కింది. మన కడప, కర్నూలు, నెల్లూరు, కోస్తా జిల్లాలన్నీ అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలోవే. సాల్ గుర్తుపెట్టుకోండి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు రాలిపోయిన కరువు. రిచర్డ్ టెంపుల్ అనే అఫ్సర్ వచ్చి కరువు పనిలో మగకూలీకి రోజుకు ఒక పౌను గింజలు, దాని మీద చిల్లర పైసలు చాలునని ఫర్మానా ఇచ్చిన కరువు. ఆ కరువు వెనకాలే ఉప్పు పన్ను పెరిగింది. అక్కడ కరౌందా కంచె కూలడానికి అయిన ఖర్చులో కొంత మన తాతల తాతలు గంజిలో ఉప్పు తగ్గించుకుని కట్టారు. మన స్కూలు కితాబుల్లో ఉప్పు అనగానే 1930 దండి యాత్ర నుంచి మొదలవుతుంది. గాంధీజీ ఆ పిడికెడు ఉప్పు ఎత్తే నాటికి ఆ హిసాబ్ వందేళ్లకు పైగా పాతది.

హ్యూమ్ సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను, ఎందుకంటే ఆ మనిషిని ఒక్కమాటలో కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. ఇటావా జిల్లా కలెక్టర్‌గా ఉండగా బడులు తెరిచాడు. ఉప్పు కంచెను పచ్చగా పెంచిన ఇదే హ్యూమ్ 1885లో కాంగ్రెస్ పుట్టించినవాళ్లలో ముందున్నాడు. అన్నింటికంటే ఎక్కువ ఇష్ఖ్ ఆయనకు పక్షుల మీద. ఏళ్ల తరబడి రాసుకున్న పక్షుల కాగితాలను సిమ్లా ఇంట్లో నౌకర్ ఎవరో చిత్తుకాగితాల కింద బజార్లో అమ్మేశాడు. ఆ దెబ్బకు ఆ శౌకే వదిలేశాడు. నుక్సాన్ మనందరిదీ.

పక్షుల మాట వచ్చింది గనుక మా వైపు ఖబర్ ఒకటి. లంకమల కొండల అంచున, పొదల మధ్య ఖాళీల్లో రాత్రిపూట తిరిగే పిట్ట ఒకటుంది. ఊళ్లో దాని పేరు కలివికోడి. కలివిపొదల మధ్య ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1848 ప్రాంతంలో మద్రాస్ ఫౌజ్ డాక్టర్ థామస్ జెర్డన్ దాన్ని లోకానికి చెప్పాడు, అందుకే ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఖతం అయిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఎనభై ఆరేళ్లు పెద్దపెద్ద కితాబుల్లో లేని పిట్టకు ఊళ్లో పేరు మాత్రం బతికే ఉంది, అదీ మన పొద పేరుతో. కొండల్లో పెరిగే కలివి మనం తోటలో పెంచే కరౌందాకు చెల్లెలు వరస, కాయ ఇంకా చిన్నది. వంటచెరకు కోసం, మేత కోసం ఆ పొదలు నరికినచోట ఆ పిట్టకు చోటు ఉండదు.

ఇదంతా చదివాక మా గోడవారగా కరౌందా పెట్టాలనిపించింది. నర్సరీకి పోయి అడిగితే అతను చిన్న గుండ్రటి ఆకుల మొక్క ఒకటి చూపించాడు. "ఇది తీసుకోండి భాయ్, పొట్టిగా గుండ్రంగా ఉంటుంది, షోగా ఉంటుంది" అన్నాడు. అది కరౌందా చుట్టమే, కానీ దక్షిణాఫ్రికాది. ఎర్రటి కాయ కాస్తుంది, తినొచ్చు కూడా. నాకు కావాల్సింది మాత్రం అది కాదు. "కలివి కావాలి, మన కలివి" అన్నాను. "ముళ్ల చెట్టును డబ్బులిచ్చి ఎవరు కొంటారు సార్?" అని నవ్వాడు. భాయ్ నుంచి సార్‌కు ఎందుకు మారాడో అర్థం కాలేదు.

చివరికి గింజల నుంచే పెంచాను. మీరూ పెంచాలనుకుంటే ఒక మాట గుర్తుంచుకోండి. కరౌందా గింజ ఎండబెట్టి దాచుకునే రకం కాదు. బాగా నల్లబడిన పండులోంచి తీసి, కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి వెంటనే నాటాలి. నెలలు దాచితే మొలవదు. కొమ్మ కత్తిరించి గుచ్చితే వేరు పట్టడం కష్టం, గాలి అంటు కడితే నయం. మొలక మొదటి ఏడాది నత్తలాగా పెరుగుతుంది. సబర్. రెండో వానాకాలంలో అడుగున్నర గుంత తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టి నింపి నాటండి. నీరు నిలిచే చోటైతే హ్యూమ్ మనుషులు చేసినట్టే చిన్న కట్ట పోసి దాని మీద పెట్టండి. కంచెగా కావాలంటే రెండు మూడు అడుగులకొకటి, కాయల కోసమైతే ఏడెనిమిది అడుగుల ఎడం. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని బతుకు అది చూసుకుంటుంది. రాతినేల, చౌడునేల, దేన్నైనా సహిస్తుంది. నీడను మాత్రం సహించదు, రోజంతా ఎండ ఉండాలి.

గింజ మొక్క మూడో ఏడు నుంచి కాయడం మొదలుపెడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పూత, జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాయ. కోత అయిపోయాక కత్తిరిస్తూ ఉంటే నాలుగైదు అడుగుల పొదగా నిలబడుతుంది. మేడ మీద పెట్టేవాళ్లు పద్దెనిమిది అంగుళాల కుండీలో కూడా పెంచొచ్చు. పిల్లలు పరుగెత్తే దారిలో పెట్టకండి. కోసేటప్పుడు, చీల్చేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, ఆ పాలు సబ్బుకు పోవు. ఇది గన్నేరు ఖాందాన్ మొక్క, కాబట్టి పిల్లలకు కాయ మాత్రమే తినేదని చెప్పండి, ఆకు, కొమ్మ నోట్లో పెట్టుకోకూడదు.

కాయలు ఎక్కువ వస్తే మురబ్బా చేసుకోవచ్చు. దీంట్లో జెల్లీ గట్టిపడే గుణం బాగా ఉంది. మీ పిల్లలు బేకరీ కేకు మీద ఏరుకుని తినే ఎర్రటి చెర్రీ ఉంది కదా, అది చాలాచోట్ల కరౌందానే. గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, రంగు వేసింది. సంచీలో కాయలు అమ్ముతుంటే ముళ్ల చెట్టుదని మొహం తిప్పుకునేవాళ్లు, కేకు మీద దాన్నే చెర్రీ అని తింటారు.

ఇటావా వైపు, చంబల్ దగ్గర, 1998లో మాక్సమ్‌కు ఆ కంచె తాలూకు ఆనవాలు దొరికింది. కట్ట ఒకటి, దాని మీద అక్కడక్కడా ముళ్లపొదలు. మిగతాదంతా రైతులు దున్నేసుకున్నారు, రోడ్లలో కలిసిపోయింది. 2300 మైళ్ల గీతలో మిగిలింది అంతే. పొద పొలంలోకి, పెరట్లోకి వెళ్లిపోయి తన పాత పని తాను చేసుకుంటోంది.

పోయిన జూలైలో మా పొద మొదటిసారి కాసింది. పెద్దగా ఏం కాదు, రెండు గుప్పెళ్లు. అమ్మీకి ఇప్పుడు కత్తి పట్టుకుంటే వేళ్లు వణుకుతాయి, నేనే చీల్చి గింజలు తీశాను. ఉప్పు కంచె కథ చెబుతూ తీశాను. అంతా విని, "ఉప్పుకు కూడా చౌకీదారా?" అంది. కాసేపటికి గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఇంకొంచెం ఉప్పు వేయమంది. పొద పైకొమ్మకు ఉన్న ఐదారు కాయలు కోయకుండా వదిలేశాను, గింజల కోసం. పిట్టలు వాటిలో రెండు తినేశాయి.